గుమ్ములోళ్ల ఉమ్మి

ముప్పై రెండు గొట్టాలు వచ్చినయ్, నీలం మూతలవి.
మర్రిగూడ దవాఖానల, పోలియో చుక్కల పక్కన
ఫ్రిజ్జుల సర్దిన. తప్పే.
"మన ఇంటిపేరు యాడ పుట్టిందో
డీఎన్‌ఏల చూస్తనత్తా" అన్నడు
మా పెద్దనాయిన మనుమడు శివతేజ.
"మొగోళ్లది చాలు.
తండ్రి నుంచి కొడుక్కు ఒక పోగు దిగుతది.
నీది అక్కర్లేదు."

ముప్పై ఏండ్లు ఊరి నెత్తురంత సూదితో గుంజినదాన్ని,
నా ఉమ్మి ఇన్నేండ్లల్ల ఎవరడిగిండ్రు గనుక.
సరే అన్న.

అర్ధగంట ఏం తినొద్దు, తంబాకు నమలొద్దంటే
సగం మంది అప్పుడే లేచిపోయిండ్రు, మళ్ల పిలుసుకొచ్చిన.
బాలనర్సయ్య కాక ఒక్కడే
ఇస్త్రీ ధోతి కట్టి, నోరు పుక్కిలించి వచ్చిండు.
తేలేదేందో ఆయనకు ముందే ఎరుక:
ఓరుగల్లు నుంచి కత్తి దూసుకొచ్చిన సేనాపతి,
ఆయనకు ఏడు గుమ్ముల ధాన్యం,
ఆ గుమ్ముల మీదనే మన పేరు.
మూడేండ్లకోపాలి వంశం చెప్పే సాంబయ్య
గుమ్మెట కొట్టుకుంట చెప్పిపోయేది అదే.

బస్సు డ్రైవర్ లింగస్వామి ఉమ్మిండు.
తాపీ మేస్త్రి ఉమ్మిండు, వడ్ల మిల్లు గుమాస్తా ఉమ్మిండు.
కట్ట అవుతలి వాడల గూడ గుమ్ములోళ్లున్నరు.
"పేరొక్కటైతే ఏందే, ఆళ్లు మనోళ్లు గారు" అన్నడు కాక.
నేను పొద్దుమూకినంక పోయి
ఆళ్లయి గూడ పట్టుకొచ్చిన.
ఒక గొట్టం మిగిలింది.

వానలు పడ్డంక ఫోనొచ్చింది.
ముప్పై ఒక్క మందికి తొమ్మిది మంది తాతలు!
ఒకరికొకరు ఏం కారు.
కాక నెత్తురుకు అన్నిటికన్న దగ్గర
చెప్పులు కుట్టే ముత్తిలింగంది.
"ఆరేడు తరాల కింద ఒక్క తండ్రి కావచ్చత్తా"
అని గొంతు తగ్గించిండు శివతేజ,
ఈడ గోడలకు చెవులున్నట్టు.

నేనే చెప్పిన.
కాక అరచేతులు చూసుకున్నడు చానసేపు.
"మిషిని తప్పు" అన్నడు.
కొంచెం ఆగి,
"ముత్తిలింగానికి చెప్పినవా?"
చెప్పలే అన్న.
"ఎందుకు చెప్పలే?"

సాంబయ్యనడిగితే నవ్విండు, పండ్లు లేవు.
"కుంచెడు జొన్నలు పోసినోనికి రాజును తాతను చేసినం బిడ్డా.
మీ కాకోళ్ల తాత అడ్డెడే పోసిండు,
గందుకే సేనాపతి."

సాయవ్వకు తొంబై దాటినయ్. చూపు లేదు, మాట ఉంది.
"పెద్ద కరువుల ఎవరింట్లనో గుమ్మి మూత తీసిండ్రంట.
తిని బతికినోళ్లంత గుమ్ములోళ్లే.
వాడలు ఎన్కసిరి గీసుకున్నరు."
మూత తీసిందెవరవ్వా?
"ఆడిదే అయుంటది.
గింజలెన్నున్నయో మొగోళ్లకేమెరుక."

నా బల్ల మీద రెండు ఎక్స్‌రేలున్నయ్,
కాక మోకాలు, ముత్తిలింగం మోకాలు.
ఎలుగుకు పట్టి చూస్తే
రెండూ ఒక్క తీరుగ వంగినయ్, సున్నం పెట్టినట్టు తెల్లగ.
ఇది తాత ఇచ్చింది కాదు,
బోరు నీళ్లిచ్చింది. ఫ్లోరైడుకు ఇంటిపేర్లు తెల్వవు.
శివతేజ లెక్కల ఈ ముచ్చటకు గడి లేదు.

నిన్న డ్యూటీ దిగి బస్సుకు నిలబడ్డ.
ఎండల, కుంటుకుంట, కాక పోతుండు
కట్ట మీది నుంచి అవుతలి వాడకు.
ఒక కాలికే చెప్పుంది, ఇంకోటి చేతిల ఉంది.
యాడికి కాకా అంటే
"చెప్పు తెగింది, కుట్టించుకోవాలె" అన్నడు,
నా దిక్కు చూడకుంట.

చెప్పు చూసిన.
తెగలే.